మల్లవీర చలనచిత్రములు: వాని జనరంజకతకుఁ గారణము

పండితులు పరిహసించుటయుఁ బామరులు పరవశులై చూచుటయు నొక్క వస్తువునందే సంభవించినపుడు, ఆ వస్తువును దృణీకరించి యూరకుండుట విమర్శకధర్మము గాదు. అట్టి వస్తువులలో నొకటి ఇటలీదేశమున 1958 మొదలుకొని 1965 వఱకు నూఱింటికి మించిన సంఖ్యలో వెలువడిన పురాణవీరుల చలనచిత్రసముదాయము. మొలకు వస్త్రఖండమును జుట్టుకొన్న మల్లుఁడొకఁడు పెద్ద ఱాళ్ల నెత్తి విసరుట, కంబముల నూఁచి కూల్చుట, దుష్టరాజును దునుముట, పిదపఁ దన త్రోవను దాను బోవుట: ఇంతియే వీనిలోని యితివృత్తము. కథ యసంగతము; సంభాషణములు నీరసములు; ఱాళ్లు కాగితపుగుజ్జుతోఁ జేసినవని తెఱమీఁదనే తెలియుచుండును. అయినను వీనిని జూచినవారు కోట్లకొలఁది కలరు. అఱువదియేండ్లు గడచిన పిమ్మట నేఁటికిని జూచువారు గలరు. లోప మింత ప్రకటముగా నుండఁగా రుచి యెచటినుండి కలుగుచున్నది? లోపమున్నను గలుగుచున్నదా, లోపమువలననే కలుగుచున్నదా? ఈ ప్రశ్నమునకు మన యాలంకారికుల గ్రంథములలోఁ జక్కని సమాధానము గలదని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

నామవిచారము

ఆంగ్లేయులు వీనిని గత్తి-చెప్పుల చిత్రములని యెగతాళిగాఁ బేర్కొందురు. పాత్రధారు లందఱును గత్తులు దాల్చి, తోలుపట్టెల చెప్పులు దొడిగికొని తిరుగుట యా పేరునకు మూలము. 1960వ సంవత్సరప్రాంతమున ఫ్రాన్సుదేశపు విమర్శకులు ‘పెప్లము’ అను పేరును వాడుకలోనికిఁ దెచ్చిరి. ప్రాచీన గ్రీసుదేశమున స్త్రీలు ధరించుచుండిన పైవస్త్రమునకుఁ ‘పెప్లోసు’ అని పేరు. పెప్లము దాని లాటిను రూపము. వస్త్రమునుబట్టి పేరిడుటలోనే వేషమునకు వీనియందుఁ గల ప్రాధాన్యము స్పష్టము. అయినను బ్రధానపాత్రమునకు వస్త్రము మిక్కిలి తక్కువ. నాయకపాత్రములను ధరించినవారు తఱుచుగా వ్యాయామప్రదర్శనములలోఁ బ్రసిద్ధిగన్న బలశాలులు గావున నీ వ్యాసమున వీనిని మల్లవీరచిత్రములని వ్యవహరించెదను.

మూలపురుషుఁడు

ఈ జాతికి మూలపురుషుఁడు పురాణములనుండి వచ్చినవాఁడు గాఁడు, తెఱమీఁదనే జనించినవాఁడు. 1914వ యేఁట జ్యొవాన్ని పస్త్రోనె యను దర్శకుఁడు ‘కబీరియా’ యను మూకచిత్రమును వెలువరించెను. రోమునకును గార్తేజి నగరమునకును జరిగిన రెండవ ప్యూనికు యుద్ధకాలము దానికి రంగము. ఎట్నా యగ్నిపర్వతము బ్రద్దలైన సమయమున సిసిలీద్వీపమునుండి యోడదొంగలచే నపహృతయైన కబీరియా యను బాలికను గార్తేజిలో మొలోకు దేవతకు బలియిచ్చుటకు సిద్ధపఱుపఁగా, ఫుల్వియసు అను రోమకుఁడును వాని దాసుఁడగు మచిస్తెయు నామెను గాపాడుదురు. ఆ చిత్రపు వ్రాఁతలు గబ్రియేలె దనుంజియో యను ప్రసిద్ధకవి పేర వెలసినవి. మచిస్తె యను పేరును ఆయన పెట్టినదే.

మచిస్తె పాత్రమును ధరించిన బర్తలొమియో పగానో జెనోవా రేవునందు బరువులు మోయు కూలివాఁడు. నటనావిద్య నభ్యసించినవాఁడు గాఁడు. చిత్రమున నాతఁడు శత్రువులకుఁ జిక్కి, యేండ్లతరబడి తిరుగలికిఁ గట్టఁబడి, తుదకుఁ దన స్వామి తిరిగి వచ్చినపుడు సంకెలలఁ ద్రెంచికొనును. ప్రేక్షకలోకము కులీనుఁడగు నాయకుని విడిచి యీ దాసునిఁ బట్టుకొనెను. అది మొదలు 1926 వఱకుఁ బగానో యా పేరితోడనే పెక్కు చిత్రములలో నటించెను. ‘కబీరియా’ రెండువేలయేండ్లనాఁటి కథ. 1916 నాఁటి చిత్రమున నదే మచిస్తె మొదటి ప్రపంచసంగ్రామమునఁ బర్వతసైనికుఁడు! కాలవైరుధ్యమును గూర్చి ప్రేక్షకుఁడు ప్రశ్నింపలేదు.

1915వ యేఁట వెలువడిన ‘మచిస్తె’ యను చిత్రము మన విచారమునకు మిక్కిలి యుపయోగించునది. దుర్జనులు వెంబడింపఁ బరుగిడుచున్న యొక యువతి చలనచిత్రశాలలోఁ దలదాఁచుకొనును. అచటఁ ‘గబీరియా’ ప్రదర్శింపఁబడుచుండును. తెఱమీఁది బలశాలిని జూచి, తన్ను రక్షింపఁగలవాఁడు వీఁడే యని తలఁచి యామె యా నటునకు జాబు వ్రాయును. నటుఁడును వచ్చి రక్షించును. తెఱమీఁది కథ కల్పితము, ఆ దేహము మాత్రము నిజము అని యెఱిఁగిన ప్రేక్షకుని మనఃస్థితియే యిందుఁ గథగా మలఁచఁబడినది. ముందు రాఁబోవు సిద్ధాంతమున కిది బీజము.

1958 నాఁటి హెర్క్యులీసు

రెండవ ప్రపంచసంగ్రామానంతరము ఇటలీదేశమునఁ జలనచిత్రదర్శనము సర్వజనసామాన్యమైన వినోదమయ్యెను. 1955వ సంవత్సరమున నా దేశమున నమ్ముడువోయిన ప్రవేశపత్రములు సుమారు 82 కోట్లు. అమెరికా సంస్థలు రోమునగరమునకు వచ్చి, 1937లో స్థాపింపఁబడిన చినెచిత్తా చిత్రనిర్మాణస్థలమున మహాచిత్రములను దీయఁజొచ్చెను. 1951 నాఁటి ‘క్వో వాదిసు’, 1959 నాఁటి ‘బెన్‌హరు’ అట్టివి. ధనికులు తీసిన యా చిత్రములను జూచి, అదే పనివాండ్రతో నల్పవ్యయమునఁ బ్రాచీనకాలకథలను దీయుట కిటలీ నిర్మాతలు పూనుకొనిరి.

1958వ యేఁట పియెత్రొ ఫ్రాంచీషి దర్శకత్వమున ‘హెర్క్యులీసు శ్రమలు’ అను చిత్రము వెలువడెను. నాయకుఁడు స్టీవ్ రీవ్సు. అమెరికా దేశీయుఁడు, 1947లో ‘మిస్టర్ అమెరికా’ బిరుదమును, 1950లో ‘మిస్టర్ యూనివర్సు’ బిరుదమును బొందిన వ్యాయామవీరుఁడు. కథకు మూలము అపొలోనియసు రచించిన గ్రీకు ఓడయాత్రాకావ్యము. బంగారు గొఱ్ఱెచర్మమునకై యాసోను చేసిన సముద్రయాత్ర యందు వర్ణితము. మూలకావ్యమునఁ బ్రథమాశ్వాసాంతమునందే హెరాక్లీసు తన యనుచరుని వెదకుచు నోడ తప్పిపోవును. అంత బలశాలి కడవఱకు నుండినచో మిగిలినవారికిఁ బని యుండదు గదా. చిత్రమున నాతఁడు తుదివఱకు నుండును. మొట్టమొదటి దృశ్యమునందే యదుపు తప్పిన రథము నాపుటకుఁ జెట్టును వేళ్లతోఁ బెఱికి యడ్డముగా విసరును. చివర సంకెలలను స్తంభములకుఁ జుట్టి లాగి, రాజప్రాసాదపు ముఖమండపమును సైనికులపైఁ గూల్చును. ఈ రెంటినడుమ నొక గంభీరమైన ఘట్టము గలదు. సామాన్య మానవునివలెఁ బ్రేమించి గృహస్థుఁడై యుండఁగోరి, తన యమరత్వమును దీసివేయుమని యాతఁడు సిబిల్లను వేఁడుకొనును. బలమును ద్యజింపక దైవత్వమును ద్యజించుటయే యీ కల్పనలోని విశేషము.

జోసెఫ్ లెవీన్ అను వర్తకుఁడు దీనిని లక్షయిరువదివేల డాలర్లకుఁ గొని, ప్రచారమునకుఁ బదిలక్షలకు మించి వెచ్చించి, 1959లో అమెరికాలోని సుమారు 600 శాలలలో నొక్కమాఱుగాఁ బ్రదర్శింపించెనని ప్రసిద్ధి. ఫలము ఊహింపఁదగినదే. వెంటనే ఇటలీలో హెర్క్యులీసులును, మచిస్తెలును, ఉర్సుసులును, సాంసోనులును వెల్లువగాఁ బుట్టుకొనివచ్చిరి. 1964వ యేఁట నీ నలువురును గలిసి యొక్క చిత్రమునందే కనఁబడిరి.

దేశకాలాతిక్రమణము

మచిస్తె 1960లో ఈజిప్టునకును, 1961లో చీనా చక్రవర్తి యాస్థానమునకును బోయెను. 1962లో పదునేడవ శతాబ్దపు స్కాట్లండునఁ జెట్టును బెఱికి, దాని మూలమున నరకమునకు దిగెను. 1963లో జోఱో యను కత్తిసాము వీరునితోఁ దలపడెను. హెర్క్యులీసు 1964లో దక్షిణామెరికాలోని ఇంకాలయొద్దకుఁ బోయెను. చిత్రములు సముద్రములను దాఁటినపుడు పేర్లును మాఱినవి. మచిస్తె యనిన నెవ్వఁడో యమెరికావారికిఁ దెలియదు గావున నాతఁడు సాంసనుగను, గోలియతుగను, హెర్క్యులీసు పుత్రుఁడుగను మాఱెను. నటుల పేర్లును దత్తతకుఁ బోయినవి: వెనీసునగరమునఁ బడవ నడుపుచుండిన అడ్రియానో బెల్లీని ‘కిర్క్ మోరిసు’ అయ్యెను, సెర్జియో చ్యాని ‘అలన్ స్టీలు’ అయ్యెను.

చారిత్రకదృష్టి కిది యపహాస్యము. కాని హెరాక్లీసుని పూర్వకథను బరిశీలించినచో నీ యాచారము నూతనము గాదని తెలియును. గ్రీకుజాతి యెంతదూరము వలస పోయెనో యంతదూర మీ వీరుఁడును బోయెను. జిబ్రాల్టరు జలసంధి యిరుప్రక్కల గిరులు వాని స్తంభములైనవి. రోమకులు తమ నగరమునఁ దైబరు నదీతీరమునఁ గాకసు అను రాక్షసుని వాఁడు చంపెనని చెప్పుకొనిరి. వర్జిలు మహాకవి దానిని దన కావ్యమున నెనిమిదవ యాశ్వాసమునఁ జేర్చెను. మన దేశమున భీమసేనుఁడు వచ్చి పోయినట్లు చెప్పని కొండయు గుండమును నరుదు. భీమునిపట్టణము పేరును జను లాతనికే ముడివెట్టుదురు. బలశాలి కథ స్థలమున కంటిపెట్టుకొని యుండదు. ఆపన్నులు పిలిచిన చోటికిఁ బోవును. పురాణమున కిది సహజమైనపుడు చిత్రమునకు మాత్రము దోష మేల యగును?

ఆక్షేపణములు

దోషములను దాఁచుట విమర్శ గాదు. మొదటిది రచనాదారిద్ర్యము. రాజ్యాపహారి, కపటమంత్రి, మోహింపఁజేయు దుష్టరాణి, నిరపరాధయగు కన్యక, వీరు ప్రతి చిత్రమునందును బునరావృత్తులగుదురు. రెండవది వాచికాభినయలోపము. ఇటలీలో సంభాషణములను దృశ్యగ్రహణానంతరము వేఱుగాఁ జేర్చు నాచారము గలదు. నటులు తమతమ భాషలలోఁ బలుకుచుండ, వేఱొకరి కంఠము వారి కతుకఁబడెడిది. పెదవుల కదలికకును మాటకును బొందిక లేని చిత్రములు వెక్కులు. మూఁడవది రంగసామగ్రి: ఒక చిత్రమునకుఁ గట్టిన దేవాలయము మఱియొక చిత్రమున రాజగృహమగును. నాలుగవది స్త్రీపాత్రములకు వ్యక్తిత్వము లేకపోవుట. ఐదవది, తూర్పుదేశములవారును నల్లనివారును దఱుచుగా దుష్టులుగనో, రక్షణార్హులగు దీనులుగనో చిత్రింపఁబడుట. రిచర్డ్ డయర్ అను విమర్శకుఁడు 1997లో బ్రకటించిన ‘వైట్’ అను గ్రంథమున నీ చిత్రములను బరిశీలించి, తెల్లజాతి పురుషుని దేహమునకుఁ బ్రభుత్వమును గట్టిపెట్టు భావము వీనిలో నెట్లు పనిచేయుచున్నదో చూపెను. ఈ చివరి రెండు దోషములును నవ్వి మఱచిపోఁదగినవి గావు.

రసవిచారము

ఇంక రుచి మాట. రంగమందలి మిథ్యకును రసమునకును గల సంబంధమును మన యాలంకారికులు వేయేండ్లకుఁ బూర్వమే తఱచి చూచిరి. భరతుని రససూత్రమును వ్యాఖ్యానించిన శ్రీశంకుకుఁడు చిత్రతురగన్యాయమును జెప్పెను. పటముపై వ్రాసిన గుఱ్ఱమును జూచి ‘యిది గుఱ్ఱము’ అనుకొనునపుడు కలుగు జ్ఞానము సమ్యగ్‌జ్ఞానము గాదు, మిథ్యాజ్ఞానము గాదు, సంశయము గాదు, సాదృశ్యజ్ఞానమును గాదు. ఈ నాలుగింటికిని విలక్షణమైన ప్రతీతి యది. నటునియందు రామబుద్ధియు నట్టిదే. భట్టతౌతుఁడును, వాని శిష్యుఁడగు నభినవగుప్తుఁడును శంకుకుని యనుకరణవాదమును ఖండించిరి గాని, యీ దృష్టాంతము మాత్రము నేఁటికిని విద్యార్థుల నాలుకలపై నిలిచియున్నది. కాగితపుగుజ్జు ఱాతిని జూచు ప్రేక్షకుఁ డది నిజమైన ఱాయి యని భ్రమపడుట లేదు. కృత్రిమ మని తెలిసి లేచిపోవుటయు లేదు. అది చిత్రతురగము.

అయినను శంకుకుని న్యాయము కృత్రిమత్వము రసమునకు బాధకము గాదని మాత్రమే నిరూపించును. మన ప్రశ్న మింతకు మించినది. దానికి సమాధానమును దశరూపకకర్తయగు ధనంజయుఁ డిచ్చుచున్నాఁడు. మట్టితోఁ జేసిన యేనుఁగులు మొదలగువానితో నాడుకొను బాలురు తమ యుత్సాహమునే తా మాస్వాదించునట్లు, శ్రోతలు అర్జునాది పాత్రముల మూలమునఁ దమ యుత్సాహమునే యాస్వాదింతురని యాతని యభిప్రాయము. ఈ యొక్క దృష్టాంతము మల్లవీరచిత్రములకు భాష్యమువంటిది. బాలునకు సుఖమిచ్చునది మట్టియేనుఁగుయొక్క శిల్పసౌందర్యము గాదు. తొండము విఱిగినను వానికి లోపము తోఁపదు. ఏనుఁ గెంత మొఱటుగా నున్న నంతగా వాని మనస్సు పని చేయవలసియుండును. పని చేసినకొలఁది యుత్సాహము పెరుగును. మహాశిల్పి చెక్కిన దంతపుటేనుఁగును బాలుని చేతికిచ్చినచో వాఁడు దానిని జూచి యబ్బురపడును గాని యాడుకొనఁడు. మహాచిత్రమునకును, మల్లవీరచిత్రమునకును గల భేద మిదియే. మొదటిది మనచేఁ జూపించుకొనును. రెండవది మనల నాడించును.

ఇందు నొక సూక్ష్మాంశము గలదు. మట్టియేనుఁగునం దేనుఁగు కల్పితము, మట్టి నిజము. చేతికి బరువు తగిలినఁగాని బాలుఁ డాడఁడు. ఈ చిత్రములందు ఱాయి కల్పితము, రాజ్యము కల్పితము, కంఠస్వరము సైతము పరకీయము. ఆ దేహ మొక్కటియే నిజము. రీవ్సు భుజములును, 1951, 1958, 1965 సంవత్సరములలో ‘మిస్టర్ యూనివర్సు’ బిరుదమును బొందిన రెగ్ పార్కు వక్షఃస్థలమును నేండ్లకొలఁది శ్రమచే సంపాదింపఁబడినవి. కూలివాఁడగు పగానో బలము కడుపుకూటికై చేసిన పనిలోఁ బెరిగినది. అన్ని కల్పనలనడుమ నీ యొక్క సత్యము బరువుగా నిలిచియుండుటచేతనే ప్రేక్షకుని విశ్వాసము జాఱిపోదు. పొలమును విడిచి కర్మాగారములకుఁ దరలుచుండిన నాఁటి యిటలీ శ్రమజీవులకుఁ గండబలమునకు విలువ తగ్గుచున్న కాలమున నీ దేహదర్శన మూఱట గొల్పెనని డయరు చేసిన సూచన యిచట సంగత మగుచున్నది. నేఁటి గణకయంత్రచిత్రములలో ఱాయియు దేహమును రెండును గల్పితములు కావచ్చును. అందు లోపము తక్కువ. చేతికిఁ దగులు మట్టియుఁ దక్కువయే.

అద్భుతము నల్పసాధనములతో సాధించుటకు మారియో బావా తీసిన 1961 నాఁటి చిత్రము నిదర్శనము. అందు హెర్క్యులీసు మతిచెడిన ప్రియురాలి స్వస్థతకై పాతాళలోకమునకుఁ బోవును. రంగమున నున్నవి కొన్ని స్తంభములు, కొంత పొగ, కొన్ని కొయ్యముక్కలు. బావా వానిపై నెఱ్ఱని, నీలపు, పచ్చని దీపకాంతులను బ్రసరింపఁజేసి, ఒక్క స్థలమునే పలులోకములుగఁ జూపెను. అది గుహ గాదని తెలియును. అయినను భయము కలుగును. ఎఱ్ఱకాంతియే రౌద్రమునకును నీలకాంతియే భయమునకును విభావమై నిలిచినది. రసములకు వర్ణములను నియమించిన భరతుఁడు దీనిని జూచినచో మెచ్చియుండును.

హాస్యాంశము

ఈ చిత్రములను జూచి నవ్వుట వానిని నిరాకరించుటయే యని కొందఱి తలంపు. 1990 ప్రాంతమున నమెరికాలో ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ అను దూరదర్శనకార్యక్రమమున హెర్క్యులీసు చిత్రములను బ్రదర్శించుచు, తెఱముందుఁ గూర్చున్న పాత్రములు వానిని వెక్కిరించుట వినోదముగా నుండెను. కాని యీ వీరునకు నవ్వు కొత్త గాదు. క్రీ. పూ. 438లో యూరిపిడీసు తన ‘అల్సెస్తిసు’ నాటకమున శోకగృహమునఁ దెలియక త్రాగి పాడు హెరాక్లీసును జూపి, వెంటనే మృత్యువుతోఁ బోరాడి యాతిథేయుని భార్యను బ్రదికించి తెచ్చిన వానిఁగాఁ జూపెను. క్రీ. పూ. 405లో అరిస్తొఫానీసు ‘కప్పలు’ అను ప్రహసనమున, వాని సింహచర్మమును దొడిగి పాతాళమునకుఁ బోయిన దియొనీససునకు, మునుపు హెరాక్లీసు తిని సొమ్ము చెల్లింపని భోజనపు లెక్క తగులుకొనును. తిండిపోతు, నిద్రపోతు, యాపన్నశరణ్యుఁడు: ఈ మూఁడు లక్షణములును నొక్కనియందే యుండుట గ్రీకులకు విరుద్ధముగాఁ దోఁపలేదు. మన తిక్కన విరాటపర్వమున వంటయింటి వలలుఁడే నర్తనశాలలోఁ గీచకాంతకుఁడు. 1961లో వితోరియో కొత్తఫావి తీసిన ‘అట్లాంటిసు’ చిత్రమున హెర్క్యులీసు, చుట్టును గలహము జరుగుచుండ నిశ్చింతగా భుజించుచుండును. ఆ దర్శకుఁడు ప్రాచీనసంప్రదాయము నెఱిఁగియే యట్లు చేసెను. ఈ వీరమున హాస్యము శత్రువు గాదు, తోఁబుట్టువు.

బలముయొక్క ధర్మాధర్మములు

ఇఁక గంభీరమైన ప్రశ్నము: బలపూజ ప్రజలకు క్షేమమా? రోమకచక్రవర్తి కొమ్మోదసు తన్నుఁ దాను హెర్క్యులీసుగా భావించుకొని సింహచర్మముతో శిల్పము చెక్కించుకొనెను; అది నేఁటికిని రోమునగరపు కపితొలీను ప్రదర్శనశాలలోఁ గలదు. ముస్సోలినీ ప్రభుత్వకాలమున, 1937లో, ‘సిపియో’ యను మహాచిత్రము రోమకవిజయమును బొగడుటకుఁ దీయఁబడెను. దేహబలమును బ్రాచీనవైభవమును గలిపి చూపుట నియంతలకుఁ బ్రియమైన పని.

మల్లవీరచిత్రములు ఆ సామగ్రినే తీసికొని దాని యర్థమును దలక్రిందు చేసినవి. వీనిలో సింహాసనముపై నుండువాఁడు తఱుచుగా దుష్టుఁడు; బలశాలి వానిఁ గూల్చువాఁడు. గెలిచిన పిదప రాజ్యము న్యాయమైన వారసునకుఁ జెల్లును, నాయకుఁడు నడచిపోవును. బలము గలవాఁడు ప్రభుత్వమును గోరకుండుట యీ కథల ధర్మసూత్రము. కొత్తఫావి చిత్రమునం దిది మఱింత స్పష్టము: అట్లాంటిసు రాణి యద్భుతశిలాప్రభావముచే నొక్కరూపు గల బంగారుకేశముల సైనికులను దయారుచేయించుచుండును, హెర్క్యులీసు వారిని నాశము చేయును. సంగ్రామము ముగిసి పదియాఱేండ్లే యైన నాఁటి ప్రేక్షకునకు దీని భావ మెవ్వరును బోధింపనక్కఱలేదు.

అయినను నొక లోపము మిగిలియే యున్నది. ప్రజలు తమంతఁ దాము లేచుట యీ చిత్రములలో నరుదు. సంకెలలతోఁ గూర్చుండి, బలశాలి వచ్చువఱకు నెదురుచూచుటయే వారి పని. రాజ్యమును విడిచి పోవు రక్షకుఁడు నియంతకంటె మేలు. ఎదురుచూచుట మాత్రము మేలు గాదు. బాలురకు వీనిని జూపువారు ఈ మాటయు జెప్పవలెను.

1964లో సెర్జియో లియొనె యశ్వారోహకుల తుపాకికథ నొకదానిని దీసి యఖండవిజయమును బొందఁగా, నిర్మాతలందఱు నా త్రోవఁ బట్టిరి. మల్లవీరుల కాలము ముగిసెను. ఆ లియొనెయే 1961లో ‘రోడ్సు మహావిగ్రహము’ అను మల్లవీరచిత్రమును దీసినవాఁడు.

ఆంధ్రచిత్రములతోఁ బోలిక

మన జానపదచిత్రములు వీని జ్ఞాతులు. పోలిక కలదు గాని మార్గము వేఱు. 1951 నాఁటి ‘పాతాళభైరవి’ యందు నాయకుఁడు తోటమాలి కొడుకు. ఆతఁడు దేహబలముకంటె సాహసముచేతను, సమయస్ఫూర్తిచేతను మాంత్రికుని గెలుచును. పిమ్మట బి. విఠలాచార్య యల్పవ్యయముతో భూతములను, పిశాచములను, మాయలను దెఱమీఁద నాడించెను. 1978 నాఁటి ‘జగన్మోహిని’ యందలి దయ్యములు కృత్రిమములని తెలియనివారు లేరు, చూడనివారును దక్కువ. ఇటలీ చిత్రమున మట్టి దేహము. మన చిత్రమున మట్టి కథ, కాశీమజిలీ కథలవంటివానిని విని పెరిగిన చెవులకుఁ బరిచితమైన మంత్రము, శాపము, విమోచనము. కాంతారావు చేతఁ గత్తి యున్నను గెలుపు గత్తికంటె నుపాయమునకే చెందును. ధనంజయుని న్యాయము రెంటికిని జెల్లును.

ఉపసంహారము

ఇంతవఱకుఁ జెప్పినదాని సారము: మల్లవీరచిత్రముల రుచి వాని లోపమువలనఁ బుట్టినది గాదు, లోపము విడిచిన ఖాళీని బ్రేక్షకుఁడు తన యుత్సాహముతో నింపుటవలనఁ బుట్టినది. అందుల కాధారముగా నొక్క నిజమైన వస్తువు చేతికిఁ దగిలియుండవలెను; ఇచ్చట నది శ్రమచే వృద్ధిపొందిన దేహము. అది లేని కల్పన యెంత మెఱుఁగు గలదైనను గ్రీడకుఁ బనికిరాదు. ఆస్ట్రియాలోఁ బెరిగిన బాలుఁడొకఁడు రెగ్ పార్కు హెర్క్యులీసును దెఱమీఁదఁ జూచి, తానును నట్టివాఁడు గాఁదలఁచి వ్యాయామమునకుఁ దొడఁగెను. ఆతఁడే యార్నల్డ్ ష్వార్జెనెగరు. 1970లో నా పాత్రమునే ధరించెను. ఉత్సాహము తెఱనుండి చూపఱి దేహమునకు దిగుట కింతకంటె నిదర్శన మేల?

పాఠశాలలోని పండితులకొక విన్నపము. విద్యార్థి తాను జూచిన చౌకబాఱు వీరచిత్రమును గన్నులు విప్పార్చుకొని వర్ణించునపుడు, ఆ చిత్రమును నిందించి వాని నోరు మూయింపవలదు. ‘ఆ ఱాయి నిజమైనదేనా?’ అని యడుగుఁడు. వాఁడు నవ్వి ‘కాదు’ అనును. ‘మఱి నీకు సంతోష మేల కలిగెను?’ అని మరల నడుగుఁడు. ఆ ప్రశ్నముతో వాఁడు రసశాస్త్రపు గడప త్రొక్కినట్లే. మట్టియేనుఁగును లాగికొనక, దానినుండి దశరూపకమునకును, విరాటపర్వమునకును ద్రోవ చూపుటయే గురుధర్మము.